తాడిపత్రి గోపురం మీది తీగ

అనంతపురం నుంచి తాడిపత్రి దగ్గరపడే కొద్దీ రోడ్డుకు ఇరువైపులా బండల పాలిష్ ఫ్యాక్టరీలు, రాతి దుమ్ము కప్పుకున్న వేపచెట్లు కనిపిస్తాయి. అలాంటి ఫ్యాక్టరీలోనే పాతికేళ్లు పనిచేసిన మా చిన్నాయన బస్టాండులో నన్ను కలిసి, నేరుగా పెన్న ఒడ్డునున్న బుగ్గ రామలింగేశ్వరాలయానికి తీసుకువెళ్లాడు.

విజయనగర రాజుల కాలంలో పెమ్మసాని నాయకులు కట్టించిన ఈ గుడిలో ఉత్తర, దక్షిణ గోపురాలు అసంపూర్ణంగానే మిగిలిపోయాయి. పై అంతస్తులు లేవు గనుక చూపు ఆకాశంలోకి పోకుండా కింది శిల్పం మీదే నిలుస్తుంది; నా మటుకు నాకు ఈ లోటే మేలు చేసింది.

ద్వారం పక్కన ఒక స్త్రీ మకరం మీద నిలబడి ఉంది. పచ్చదనం కలిసిన ఆ నల్లరాతిలో ఆమె నడుము ఎటు వంగిందో తీగ కూడా అటే వంపు తిరుగుతూ పైకి పాకింది. నడుము తీగను అనుసరించిందో, తీగే నడుమును చూసి వంగిందో ఎంతసేపు చూసినా తేల్చుకోలేకపోయాను. అందగత్తె పాదం తాకితే అశోకం పూస్తుందని, ఆమె పుక్కిటి మద్యం చల్లితే పొగడ పూస్తుందని కవులు చెప్పుకున్నారు. చెట్టును పూయించే ఆ ఉపచారం పేరు దోహదం. గర్భిణికి కలిగే కోరికకూ అదే పేరు. ఒంటికీ చెట్టుకూ ఉమ్మడిగా వాడిన ఇంత చక్కని మాట, ఇప్పుడు పత్రికల్లో 'అభివృద్ధికి దోహదపడుతుంది' అనే వాక్యంలో నలిగిపోతోంది.

చిన్నాయన మాత్రం ఆ స్త్రీని చూడలేదు. తీగ వెనుక రాతిని తొలిచిన సందులోకి వంగి చూస్తూ, "మా నల్లబండయితే పొరలు పొరలుగా లేస్తాదప్పా, ఇంత లోపలికి తొలిస్తే తీగ నిలబడేదే కాదు" అన్నాడు. నేను కవిత్వం అనుకున్నదంతా ఆయనకు రాయి ఎంపికలోనే కనిపించింది. ఆయన మాట విన్నాక మళ్లీ చూస్తే, తీగకూ గోడకూ నడుమ పడిన నీడే దానికి ప్రాణమిచ్చిందని తెలిసింది.

బుగ్గ అంటే ఊట. లింగం దగ్గర ఎప్పుడూ నీరు ఊరుతుందనే స్వామికి ఆ పేరు. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే ఈ సీమలో, శిల్పి వాకిటనే నీటిజంతువును చెక్కి, దాని మీద స్త్రీని నిలిపి, ఆమె పక్కన పచ్చని తీగను పాకించడం నాకు వింతగా తోచలేదు.

చింతల వెంకటరమణస్వామి గుడిని కూడా అదే రోజు చూడాలనుకున్నాం గానీ, ఈ ఒక్క వాకిలి దగ్గరే పొద్దు వాలిపోయింది.