టైరు లోపల గంధకం పని

ఆటోనగర్‌లో లారీ టైర్ల వల్కనైజింగ్ షాపు దగ్గర కూర్చుంటే టైమే తెలియలేదు. కోసుకుపోయిన చోట పచ్చి రబ్బరు నింపి వేడి ప్రెస్సులో బిగించారు. గోరు దిగిపోయే ముద్ద, బయటికొచ్చాక నొక్కితే తిరిగి లేస్తోంది!

అంతా ఆ రబ్బరులో కలిపిన గంధకం మహిమ. గంధకంలోని ఎనిమిది పరమాణువుల వలయం వేడికి, చర్యను వేగం చేసే యాక్సిలరేటర్ అనే రసాయనానికి తెగుతుంది (జింక్ ఆక్సైడ్ తోడుంటే ఇంకా చురుగ్గా). ఆ ముక్కలు రబ్బరు అణువుల పొడవాటి గొలుసులో జంట బంధం (రెండు కార్బన్ల మధ్య రెట్టింపు బంధం) పక్కనున్న కార్బన్‌ను పట్టుకుని, పక్క గొలుసుతో కలిపి కుట్టేస్తాయి. ఒక్కో కుట్టులో గంధకం ఒక్కటే ఉండొచ్చు, నాలుగైదూ ఉండొచ్చు.

"ఇంకాసేపు ఉంచితే ఇంకా గట్టిపడదా బాబాయ్?" అన్నా. "ఎక్కువైతే మళ్ళీ మెత్తబడుద్దయ్యా" అన్నాడు మేస్త్రీ. నిజమే, సహజ రబ్బరుతో అదే తంటా. గంధకం ఎక్కువున్న పొడుగు కుట్లు వేడికి ఆగవు, విడిపోతాయి.