బాగయ్యాక మొదలైన ఆలోచన

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. ఉద్దానంలో ఎవరి కాళ్లు వాచినా ముందు కిడ్నీ జబ్బే గుర్తొస్తుంది. పొద్దున లేచేసరికి నా మొహం ఉబ్బి, మూత్రంలో నురగ పోతుంటే ఇంట్లో అందరూ అదే అనుకున్నారు. విశాఖలో బయాప్సీ చేస్తే లూపస్ అని తేలింది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే తిరగబడి కిడ్నీల మీద పడింది. డయాలసిస్‌కి వెళ్లొచ్చేవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని, జబ్బు పేరు మారినంత మాత్రాన నా భయం తగ్గలేదు.

స్టెరాయిడ్లకి మొహం గుండ్రంగా అయిపోయింది. దువ్వితే జుట్టు దువ్వెన నిండా వచ్చేది. పెళ్లయిన కొత్త అది. రక్షణ వ్యవస్థని అణిచే మైకోఫినోలేట్ అనే మందు వాడుతుండగా గర్భం రాకూడదని, వస్తే బిడ్డకు అవయవ లోపాలు రావొచ్చని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. విశేషమేమైనా ఉందా అని ఎవరడిగినా ఆ మందే జవాబయ్యేది. అది నాకు ఎంత ఊరటో!

ఇప్పుడు వాపు లేదు, మూత్రంలో ప్రొటీన్ పోవడం బాగా తగ్గింది. జబ్బు కనీసం ఆరు నెలలు అదుపులో ఉంటే బిడ్డ కోసం ప్రయత్నించవచ్చని డాక్టరమ్మ అన్నారు. మైకోఫినోలేట్ ఆరు వారాల ముందే ఆపి అజాథయోప్రిన్ అనే మందుకి మారాలి. లూపస్‌కి వాడే ఇంకో మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మానకూడదు. అయినా జబ్బు తిరగబెట్టొచ్చు, బీపీ పెరగొచ్చు, నెలలు నిండకుండా కాన్పు కావొచ్చు. నా రక్తంలో యాంటీ-రో అనే యాంటీబాడీ ఉంది. అలాంటి తల్లుల బిడ్డల్లో నూటికి ఒకరిద్దరికి గుండె కొట్టుకోవడంలో అడ్డంకి వస్తుందట. ఆ ఒకరిద్దరు నా బుర్రలోంచి పోవడం లేదు.

"బాగైపోనావు కదమ్మా, ఇంకేటి ఆలోచన?" అంటారు మా అత్తగారు. రాత్రుళ్లు నా కాళ్లు ఒత్తిన మనిషి, ఆవిడ మీద కోపం రాదు. మా అమ్మ మాత్రం "నువ్వుంటే చాలు" అంటుంది. మా ఆయన చాలాకాలం "నీ ఇష్టం" అనే అనేవారు. అది నాకు మరీ బరువనిపించి, మీకేం కావాలో చెప్పమని పట్టుబట్టాను. "కావాలనే ఉంది. నీ రిపోర్టులు చూస్తే భయమేస్తుంది" అన్నారు. అప్పటినుంచి ఇద్దరం నిజం మాట్లాడుకుంటున్నాం.

తోటికోడలి పాపని ఎత్తుకున్న రోజు కావాలనిపిస్తుంది. ఆయాసం లేకుండా వాకిలంతా ఊడ్చి ముగ్గేసిన రోజు, ఈ ఒంటిని మళ్లీ పణంగా పెట్టలేననిపిస్తుంది. జబ్బే లేకపోతే నాకు పిల్లలు కావాలా అని మాత్రం నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆలోచించుకుంటానని చెప్పేదాన్ని.

ప్రస్తుతానికి మందు మార్చొద్దని డాక్టరమ్మకు చెప్పాను. అత్తగారికీ నేనే చెప్పాను: "మందు వల్ల కాదు అత్తయ్యా, నేనే ఇంకా తేల్చుకోలేదు."

"అయితే తేల్చుకునేదాకా మందులు మాత్రం ఆపకమ్మా" అన్నారు.