ఏ టన్ను లెక్క?

"నువ్వు చెప్పిన టన్ను ఏ టన్ను?" అని మా ఫోర్‌మన్ రోడ్డు పక్కన నిలబడి అడిగినప్పుడు, నాకు ముందు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. టన్నుల్లో రకాలున్నాయని తెలియక కాదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ మాట నన్ను అడిగినవారు లేరు. పడమటి టెక్సాస్ నుంచి న్యూ మెక్సికోలోని ఒక టవర్ స్థలానికి బయలుదేరిన మా బృందం గంట ప్రయాణం కూడా పూర్తిచేయకుండానే ఆగిపోయింది. అందుకు కారణం నేను ఎంపిక చేసిన ట్రెయిలర్, దానిమీద ఎక్కించడానికి నేను రాసిచ్చిన సామాను పట్టీ.

సెల్ టవర్లు నిలబెట్టే బృందాలకు సామగ్రి సమకూర్చడం నా పని. ఇరవై అడుగుల టవర్ సెక్షన్లు, వాటిని పైకి లాగే వించ్, కేబుల్ డ్రమ్ములు, గొలుసులు, పనిముట్ల పెట్టెలు, వీటన్నిటినీ బృందమే తన పికప్ వెనుక తగిలించుకుని స్థలానికి తీసుకువెళ్ళాలి. కొత్త ట్రెయిలర్ కావాలని వారు అడిగినప్పుడు, ఒక్కొక్కటి 7,000 పౌండ్లు మోసే రెండు ఇరుసుల బండిని చూశాను. దానికి బిగించిన రేకు పలక మీద బరువు హద్దు 14,000 పౌండ్లు, అంటే 6,350 కిలోలు అని ఉంది. సామాను అయిదు టన్నుల పైచిలుకు, బండి ఆరు టన్నుల పైన, ఇంకా మిగులే అనుకుని సంతకం చేశాను. ఆ 14,000లో బండి సొంత బరువు కూడా కలిసే ఉంటుందన్న సంగతి, చదువుకున్నవాణ్ణి అయివుండీ, ఆ క్షణంలో నా బుర్రకు తట్టలేదు.

రహదారి మీద వేగం అరవై మైళ్ళకు చేరేసరికి ట్రెయిలర్ తోక అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టింది. ఫోర్‌మన్ పికప్ బ్రేకు తొక్కలేదు. స్టీరింగును నిటారుగా పట్టుకుని, యాక్సిలరేటర్ వదిలేసి, డాష్‌బోర్డు కింద ఉన్న చిన్న మీటను వేలితో మెల్లగా నొక్కి, ట్రెయిలర్ చక్రాల బ్రేకులు మాత్రమే పట్టేలా చేశాడు. వెనుకనుంచి ఎవరో తోకను గట్టిగా పట్టి లాగినట్లు బండి సర్దుకుంది. ఆయన ముఖంలో కోపం కనిపించలేదు, కనిపించి ఉంటే నాకు కొంత ఊరటగా ఉండేది.

తరువాత లారీలు ఆగే చోట ఉన్న కాటా మీదికి తీసుకువెళ్ళాడు. ఒంటిగా తూచితే పికప్ 7,900 పౌండ్లు ఉంది. ట్రెయిలర్ తగిలించి తూచితే పికప్ 8,500, ట్రెయిలర్ ఇరుసుల మీద 14,300. అంటే ట్రెయిలర్ మొత్తం బరువు 14,900 పౌండ్లు, పలక మీది హద్దుకు 900 ఎక్కువ. అంతకన్నా పెద్ద తప్పు పికప్ మీద అదనంగా పడిన ఆ 600లో ఉంది. ఇలా పికప్ వెనుకనున్న ఇనుప బంతికి తగిలించి లాగే ట్రెయిలర్ తన మొత్తం బరువులో పదో వంతు నుంచి ఏడో వంతు దాకా ముందున్న ఆ బంతి మీద మోపాలి. మా బండి నూటికి నాలుగు పాళ్ళే మోపింది. వించ్‌ను ఫోర్క్‌లిఫ్ట్ వాడు చివరగా తెచ్చి వెనుక పెట్టి వెళ్ళిపోయాడు. సామాను పట్టీ రాసిన నేను ఏది ఎక్కడ పెట్టాలో రాయలేదు. హద్దులోపలి బరువైనా వెనక్కి వాలితే ఊగుతుందని, ఊపును పుట్టించేది మొత్తం బరువు ఒక్కటే కాదని ఆ కాటా చీటీ చూశాకే నాకు బోధపడింది.

అప్పుడు వచ్చింది టన్ను ప్రశ్న. ఇక్కడి టన్ను రెండు వేల పౌండ్లు, అంటే 907 కిలోలు. నేను చెప్పిన "అయిదు టన్నుల పైచిలుకు" ఆయన చెవిలో పదివేల పౌండ్లుగా పడింది. 3,400 పౌండ్ల ఖాళీ బండి మీద పదివేలు పెడితే 13,400, హద్దులోనే ఉంటుందని ఆయన నిశ్చింతగా బయలుదేరాడు. నా మనసులోని టన్ను వెయ్యి కిలోలది. సామాను అసలు బరువు 11,500 పౌండ్లు. ఇద్దరం ఒకే మాట అనుకుని రెండు వేరు వేరు బరువులను మోసుకువచ్చాం. బృందమంతా వింటూ ఉండగా, "ఇక్కడ ఎవరూ సుమారుగా బరువు చెప్పరు" అన్నాడాయన.

ఆ మాట నన్ను చాలా రోజులు వదలలేదు. సుమారు అనేది మన జాతి లక్షణమన్నట్లు తోచి మనసు నొచ్చుకుంది. మన దగ్గర ఇనుము కొనేదే తూకంతో కదా అని ఆయనకు చెప్పాలనిపించింది. మన టవర్ సామాను లారీ మీద వస్తుంది, గాల్వనైజు చేసిన ఒక్కొక్క యాంగిల్ మీద గుర్తు సంఖ్య పోటు వేసి ఉంటుంది, లారీ వెంట వేబ్రిడ్జి చీటీ ఉంటుంది. ఆ చీటీ ఎప్పుడూ డ్రైవరు జేబులోనే ఉండేది. బరువు, తాళ్ళు, టైర్ల గాలి, చెక్‌పోస్టు, అన్నీ ఆయన తలనొప్పులు. దించుకున్న తరువాతే మా పని మొదలయ్యేది. ఇక్కడేమో మూడు వందల అడుగుల మీద వేలాడే మనిషే పొద్దున్నే నాలుగు చక్రాల బోల్టుల బిగింపు చూసుకుంటాడు. మన పద్ధతిలో సంపాదించిన అలవాటును పట్టుకుని ఈ పద్ధతిలోకి దిగాను తప్ప, నాది నిర్లక్ష్యం కాదని ఇప్పటికీ వాదిస్తాను. అయితే పలక మీద కిలోలు కూడా అచ్చువేసి ఉన్నాయి గనుక, ఆ వాదన నాలోనే సగం దూరం పోయి ఆగిపోతుంది.

పెద్ద ట్రెయిలర్ కొంటే పోదా అని ఆ వారమే అడిగాను. ఫోర్‌మన్ అడిగిన ఎదురుప్రశ్న ఒక్కటే: "నడిపేదెవరు?" ట్రెయిలర్ హద్దు పదివేల పౌండ్లు దాటి, పికప్ హద్దుతో కలిపి 26,001 పౌండ్లకు చేరితే వాణిజ్య లైసెన్సు కావాలి. లెక్కకు తీసుకునేది పలకల మీది అంకె, కాటా చూపే అసలు బరువు, ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దాన్నే. మా పికప్ పలక పదివేలు. 14,000 ట్రెయిలర్‌తో కలిపితే 24,000. 16,000 ట్రెయిలర్ తెచ్చినా 26,000 దగ్గర అంచున నిలుస్తాం. కాని దాన్ని నిండా నింపితే బంతి మీద పడే 1,600 నుంచి 2,400 పౌండ్లను 7,900 పౌండ్ల పికప్‌కు కలపండి: పికప్ తన హద్దునే దాటిపోయే ప్రమాదం ఉంది. ఇంకా పెద్ద పికప్ అంటే, నలుగురిలో ఒక్కడికే ఉన్న వాణిజ్య లైసెన్సు మీద బృందమంతా ఆధారపడాలి. అతనికి జ్వరం వస్తే టవర్ ఆగుతుంది.

కాబట్టి అదే ట్రెయిలర్ ఉంచుకున్నాం. టవర్ సెక్షన్లను తయారీదారు లారీ నేరుగా స్థలానికి చేర్చేలా మార్చాను. దూరం దగ్గరైనప్పుడు మాత్రం రెండేసి సెక్షన్లు మేమే తీసుకువెళ్తాం. అందుకోసం ముందు అడ్డుపలక బిగించమని అడిగాను, దాని వెనుక కథ ఇది: పది అడుగులు దాటిన సామానుకు మొదటి పది అడుగులకు రెండు కట్లు, ఆ పైన ప్రతి పదికి ఇంకొకటి ఉండాలి, అంటే ఇరవై అడుగుల సెక్షన్‌కు మూడు. అది ముందుకు జారకుండా అడ్డు ఉంటే రెండు చాలు. కట్లు భద్రంగా తట్టుకోగల బరువు హద్దులన్నీ కలిపి సామాను బరువులో సగానికి తగ్గకూడదు. మూడు ఎనిమిదోవంతుల అంగుళం గ్రేడ్ 70 గొలుసు ఒక్కటే 6,600 పౌండ్లకు సరిపోతుంది కాబట్టి, ఇబ్బంది ఎప్పుడూ గొలుసుతో కాదు, దాన్ని తగిలించే కొక్కేల చోటుతో వస్తుంది. అంచుపొడవునా గుంజలు దూర్చే జేబులు దగ్గర దగ్గరగా ఉన్న బండినే ఎంచుకోమని ఎవరడిగినా చెబుతాను. అందమైన పక్క కమ్మీలు మాత్రం కేబుల్ డ్రమ్మును ఫోర్క్‌లిఫ్ట్‌తో పక్కనుంచి దించేటప్పుడు శాపమే. ఊడదీసేవి కాకపోతే వద్దు. టైర్ల సంగతి క్లుప్తంగా: ట్రెయిలర్ల కోసం చేసే ఎస్టీ టైర్లలో చాలావాటికి గంటకు 65 మైళ్ళే హద్దు, కొత్త కుర్రవాళ్ళకు అది గుర్తుచేయాలి.

మరుసటి ప్రయాణానికి నన్నూ రమ్మన్నాడు ఫోర్‌మన్. వించ్‌ను ఇరుసులకు కాస్త ముందుకు జరిపి ఎక్కించి, బంతి మీద 1,650 పౌండ్లు వచ్చేదాకా కాటా చుట్టూ రెండుసార్లు తిరిగాం. బయలుదేరిన మొదటి 50 మైళ్ళలోపు ఆగి కట్లు మళ్ళీ చూసుకోవాలన్న నిబంధన ఉంది. ఆయన నలభయ్యో మైలు దగ్గరే ఆపాడు. చక్రపు హబ్ మీద నా అరచేతిని ఆనించమని, మూడు క్షణాలు ఉంచగలిగితే బేరింగు బాగున్నట్లేనని చెప్పాడు. నాలుగింటినీ ఒక్కొక్కటిగా తడిమి, వెచ్చగా ఉన్నాయి అని చెప్పాను. "ఎంత వెచ్చగా?" అన్నాడు, నవ్వుతూ, పెన్సిలుతో రాసే చీటీ నా చేతికిచ్చి.