కార్డు లేని యుద్ధఖైదీ కోసం వెతుకులాట: పోలండ్‌లో నా అనుభవం

పోలండ్‌లోని ఒపోలెలో మేం అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మకు ఎనభై దాటాయి. వాళ్లది లూబ్లినియెత్స్ వైపు పల్లె. ఆవిడ పెదనాన్న 1939 సెప్టెంబరులో 74వ పదాతి రెజిమెంట్‌తో యుద్ధానికి వెళ్లి మళ్లీ ఇంటికి రాలేదు. ఆయన ఏమయ్యాడో కనుక్కోవాలని ఆవిడకు ఎప్పటి నుంచో ఉంది. పిల్లలు దూరంగా ఉంటారు, కంప్యూటర్ అలవాటు లేదు. సరే, నేను చూస్తానన్నాను.

మొదటి చిక్కు పేరుతోనే వచ్చింది. ఆ ప్రాంతం 1922 దాకా జర్మనీలో ఉండేది. అందుకని చర్చి రిజిస్టర్‌లో ఆయన పేరు జర్మన్ పద్ధతిలో ఉంది, ఇంట్లో ఉన్న ఉత్తరాల్లో పోలిష్ పద్ధతిలో ఉంది. యుద్ధంలో నష్టపోయిన పోలండ్ పౌరుల వివరాలుండే ఆన్‌లైన్ డేటాబేస్‌లో రెండు రకాలుగానూ వెతికాను. ఏమీ దొరకలేదు. పోలిష్ రెడ్‌క్రాస్‌లో ఆచూకీ విభాగానికి రాశాం. జర్మన్ సైన్యం నాటి ఖైదీల రికార్డులు ఇప్పుడు జర్మనీ ఫెడరల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, అక్కడికీ రాశాం. ఎదురుచూపులే ఎదురుచూపులు. చివరికి రెండు చోట్ల నుంచీ ఒకే జవాబు: ఈ పేరుతో ఖైదీ కార్డు లేదు.

కార్డు ఎందుకు లేదో నాకు వాంబినొవిత్సెలో అర్థమైంది. ఒపోలె నుంచి నీసా వెళ్లే రైలు దారిలో ఉన్న చిన్న ఊరు అది. అక్కడ యుద్ధఖైదీల మ్యూజియం ఉంది. యుద్ధకాలంలో జర్మన్లు అక్కడ ఖైదీల క్యాంపు నడిపారు. 1941 నుంచి ఆ క్యాంపుకు తెచ్చిన సోవియట్ ఖైదీలు మొదట్లో నేలలో గుంతలు తవ్వుకుని వాటిలోనే బతికారు. సుమారు 40,000 మంది అక్కడే చనిపోయారు. అలాంటి చోట కూడా కార్డులు రాశారు. ఒక సోవియట్ ఖైదీ కార్డు చాలాసేపు చూశాను: ఫొటో, ఖైదీ నంబరు, తల్లి పేరు, చేస్తున్న వృత్తి, ఒక మూల వేలిముద్ర. ఆకలితో చంపబోయే మనిషికి కూడా వేలిముద్ర తీసుకున్నారు. కార్డు రాయాలంటే ముందు ఖైదీని క్యాంపు దాకా తేవాలి. 74వ రెజిమెంట్ వాళ్లలో చాలామందిని అంతదాకా రానివ్వలేదు.

1939 సెప్టెంబరు 8న చెపెలూఫ్ దగ్గర డోంబ్రోవా అనే పల్లె పక్క అడవిలో మేజర్ యూజెఫ్ పెల్త్స్ నాయకత్వంలోని 74వ రెజిమెంట్ బెటాలియన్‌కూ, జర్మన్ 15వ మోటరైజ్డ్ పదాతి రెజిమెంట్‌కూ పోరు జరిగింది. ఒక జర్మన్ కెప్టెన్ చనిపోయాడు. పోరు ముగిశాక ఆ జర్మన్ రెజిమెంట్ కమాండర్ కల్నల్ వాల్టర్ వెసెల్ పట్టుబడ్డవాళ్ల యూనిఫాం కోట్లు విప్పించాడు. కోటు ఉంటే యుద్ధఖైదీ, చంపడానికి చట్టం ఒప్పుకోదు. కోటు తీసేస్తే దొంగచాటుగా కాల్పులు జరిపినవాడని చెప్పుకోవచ్చు. అలా సుమారు 300 మందిని కాల్చేశారని చెబుతారు. వాళ్లు లొంగిపోయిన సైనికులు. వాళ్లను దొంగచాటు మనుషులుగా చూపించడం నా దృష్టిలో రెండో హత్య.

ఈ సంగతి బయటికి వచ్చింది కూడా ఒక జర్మన్ సైనికుడి కథనం వల్లే. పేరు లేని ఆ రాత, కొన్ని ఫొటోలు 1950లో మ్యూనిక్‌లోని పోలండ్ కాన్సులేట్‌కు చేరాయి. ఒక ఫొటోలో రోడ్డు పక్క కాలవ పొడవునా శవాలు, పైన నిలబడి చూస్తున్న జర్మన్ సైనికులు. ఓనరమ్మ ఆ ఫొటోను జూమ్ చేయించుకుని ఒక్కో ముఖం చూసింది. నాకు గుండె దడ పట్టుకుంది గానీ, ఆపమనలేకపోయాను. తర్వాత జర్మనీలో దర్యాప్తు జరిగింది, ఎవరికీ శిక్ష పడకుండానే మూతపడింది. వెసెల్ అప్పటికే, 1943లో, ఇటలీలో ప్రమాదంలో చనిపోయాడు.

ఓనరమ్మ పెదనాన్న డోంబ్రోవాలోనే పోయాడని చెప్పే కాగితం మాకు దొరకలేదు. డేటాబేస్‌కు కుటుంబం వైపు నుంచి వివరాలు పంపాం: పుట్టిన తేదీ, పేరు రెండు రకాలుగా, రెజిమెంట్ నంబరు, యూనిఫాంలో ఉన్న ఒకే ఒక ఫొటో. చనిపోయిన చోటు దగ్గర డోంబ్రోవా అని రాద్దామా అని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. తెలిసిందే రాయమంది. "1939 సెప్టెంబరు నుంచి ఆచూకీ లేదు" అని రాసి పంపాం.

ఇక్కడ ఉంటున్న మనవాళ్లను ఎవరైనా ఇలాంటి సాయం అడిగితే, ముందు చర్చి రిజిస్టర్ కాపీ తెప్పించండి. పేరు ఎన్ని రకాలుగా ఉందో అది చూశాకే తెలుస్తుంది. ఇంట్లో ఫొటో ఉంటే యూనిఫాం భుజం పట్టీ మీద నంబరు కనిపిస్తుందేమో చూడండి. మాకు రెజిమెంట్ ఏదో తెలిసింది దాని వల్లే.