జ్వరం వస్తే ఎండకు పోయే బల్లి

విజయనగరంలో మా పెరటి గోడ మీద తొండ ఎండ కాచుకుంటుంటే నాకు మిషిగన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన శరీరధర్మ శాస్త్రవేత్త మాథ్యూ క్లూగర్ గుర్తుకు వస్తారు. బల్లి జాతి మనలాగా ఒంట్లో వేడి పుట్టించుకోలేదు. ఎండకూ నీడకూ మారుతూ సర్దుకుంటుంది. ఎడారి ఇగ్వానాలనే బల్లులకు బ్యాక్టీరియా ఎక్కిస్తే అవి మామూలు కన్నా వెచ్చని చోటు వెతుక్కుని ఒంటి వేడి పెంచుకుంటాయని ఆయన బృందం 1974లో ప్రకటించింది. మరుసటి ఏడాది ప్రచురించిన ప్రయోగం ఇంకా గట్టిది. సజీవ బ్యాక్టీరియా ఎక్కించిన బల్లులను 34 నుంచి 42 డిగ్రీల సెల్సియస్ వరకు వేర్వేరు ఉష్ణోగ్రతల్లో ఉంచగా, 42 దగ్గర ఎక్కువ భాగం బతికాయి, 34 దగ్గర ఒక్కటీ మిగలలేదు.

మనలోనైతే రోగనిరోధక కణాలు వదిలే ఇంటర్‌ల్యూకిన్‌ల వంటి సంకేతాల వల్ల ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే రసాయనం తయారై, మెదడులోని హైపోథాలమస్ పాటించే ఉష్ణోగ్రత లక్ష్యాన్ని పైకి జరుపుతుంది. ఒళ్ళు కాలుతున్నా చలి వేసేది అందుకే. పోయిన వానాకాలం నేను 39 డిగ్రీల జ్వరంతో వణుకుతుంటే అమ్మ ఒక చేత్తో దుప్పటి కప్పి, మరో చేత్తో నుదుటి మీద తడిగుడ్డ వేసింది. ఆ రెండూ ఒకదానికొకటి ఎదురని చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

బల్లి ఫలితాన్ని మనిషికి యథాతథంగా అంటగట్టకూడదని నా అభిప్రాయం. జ్వరం డిగ్రీ పెరిగేకొద్దీ శరీరం ఖర్చుచేసే శక్తీ పెరుగుతుంది, గుండె జబ్బున్నవారికి అది భారం. నేను మాత్రం చివరికి పారాసెటమాల్ వేసుకున్నాను. గంటకు చొక్కా తడిసేలా చెమట పట్టింది, లక్ష్యం కిందికి దిగిందన్నమాట.