పటం గుర్తించడం కాదు, గీయించండి

పదో తరగతి సోషల్‌లో పిల్లలు మార్కులు పోగొట్టుకునేది మ్యాప్ పాయింటింగ్‌లోనే. అచ్చు పటం చేతికిచ్చి ‘గోదావరి ఇక్కడ, కృష్ణ అక్కడ’ అని చూపిస్తే వారానికే మరిచిపోతారు. ఖాళీ కాగితం మీద భారతదేశ పటం గీయించడమే నయం. రెండు పీరియడ్లు చాలు.

16 సెం.మీ. ఎత్తు, 14.6 సెం.మీ. వెడల్పు ఉన్న పెట్టె గీయించండి. 1 సెం.మీ.కి 200 కి.మీ. స్కేలు. దేశం ఉత్తర దక్షిణాలుగా 3,214 కి.మీ., తూర్పు పడమరలుగా 2,933 కి.మీ. కదా. చాలామంది చతురస్రం గీస్తారు, పటం అడ్డంగా సాగిపోతుంది. అక్షాంశాలూ రేఖాంశాలూ రెండూ దాదాపు 29 డిగ్రీలే అయినా వెడల్పు ఎందుకు తగ్గిందని అప్పుడే అడగండి. ధ్రువం వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయన్న పాఠం అక్కడే అర్థమవుతుంది.

తర్వాత నిలువుగా సరిగ్గా మధ్యలో 82½° తూర్పు రేఖాంశం, కింది నుంచి 8.5 సెం.మీ. ఎత్తులో కర్కటరేఖ. కింది నుంచి 5 సెం.మీ. దగ్గర, మధ్య గీతకు కాస్త ఎడమగా కాకినాడ. ఎడమ అంచు నుంచి 5 సెం.మీ. అటూఇటూగా కన్యాకుమారి, హైదరాబాద్, ఢిల్లీ ఇంచుమించు ఒకే నిలువున పడతాయి. ఇది చూసి పిల్లలు నిజంగానే ఆశ్చర్యపోతారు!

తీరరేఖ ఆ తర్వాతే. ముందే గీయిస్తే వంకర్ల మీదే పీరియడంతా పోతుంది. నదులను పుట్టినచోటు నుంచి సముద్రం దాకా గీయించాలి: త్ర్యంబకం నుంచి గోదావరి, మహాబలేశ్వరం నుంచి కృష్ణ. రంగులు చివర్లో, అదీ టైముంటేనే.