ఏఆర్‌ఎస్ మెయిన్స్: తెగుళ్ల నిరోధకత యూనిట్ నేను ఎలా చదివానంటే

జెనెటిక్స్ అండ్ ప్లాంట్ బ్రీడింగ్‌లో ఏఆర్‌ఎస్‌కి, అంటే వ్యవసాయ శాస్త్రవేత్తల ఉద్యోగ పరీక్షకి చదివే జూనియర్లు ముందు అడిగేది పుస్తకాల లిస్టు. అది మీ సీనియర్లందరి దగ్గరా ఉంటుంది, దాదాపు ఒకటే లిస్టు. నేను బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్ జీకేవీకేలో పీహెచ్‌డీ చేస్తూ రాశాను కాబట్టి, అక్కడ ఉండటం వల్ల కలిసొచ్చిన ఒక్క యూనిట్ గురించే చెబుతాను.

ప్రిలిమ్స్ సంగతి రెండు ముక్కల్లో: 150 ప్రశ్నలు, 2 గంటలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. పాత ప్రశ్నలు తిరగెయ్యండి, గుడ్డిగా గీకొద్దు. అసలు పరీక్ష 240 మార్కుల మెయిన్స్.

తెగుళ్ల నిరోధకత మీద ప్రశ్న రాగానే అందరం ఒకేలా మొదలుపెడతాం. అవిసె తుప్పు తెగులు మీద ఫ్లోర్ చెప్పిన జీన్ ఫర్ జీన్ (మొక్కలోని ఒక్కో నిరోధక జన్యువుకు తెగులు క్రిమిలో జత జన్యువు ఉంటుందన్న సూత్రం), తర్వాత 1963లో వాండర్‌ప్లాంక్ చెప్పిన వర్టికల్ (క్రిమిలో కొన్ని రకాలనే ఆపే), హారిజాంటల్ (అన్ని రకాలనూ కొంతమేర ఆపే) నిరోధకతలు. రెండు బొమ్మలు గీసి ముగిస్తాం. దీంట్లో తప్పేమీ లేదు, కానీ బ్రీడర్ ఏం చేశాడో ఎక్కడా కనిపించదు. నా లెక్కలో ఒక్క రకం కథ పూర్తిగా తెలిసినవాడు పది నిర్వచనాలు తెలిసినవాడికంటే మంచి జవాబు రాస్తాడు.

మనకైతే ఆ కథ ఇంట్లోనే ఉంది. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన బీపీటీ 5204, అదే సాంబ మసూరి. గింజ సన్నం, అన్నం బాగుంటుంది, కానీ బ్యాక్టీరియా ఎండాకు తెగులుకు ఇట్టే లొంగిపోతుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ, కణ జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ కలిసి దీనిలోకి ఎక్స్‌ఏ 21, ఎక్స్‌ఏ 13, ఎక్స్‌ఏ 5 అనే మూడు జన్యువులు చేర్చి, 2008లో ఇంప్రూవ్డ్ సాంబ మసూరిగా విడుదల చేశాయి. మార్కర్లు (జన్యువు ఉందో లేదో చూపే డీఎన్‌ఏ గుర్తులు) ఎందుకు వాడారన్నది ఇక్కడ ఆలోచించండి. 21 డామినెంట్ (ఒక్క కాపీ ఉన్నా పనిచేస్తుంది), మిగతా రెండూ రిసెసివ్ (రెండు కాపీలూ ఉంటేనే పనిచేస్తాయి). బ్యాక్‌క్రాస్ మొక్కలో, అంటే మళ్లీ అసలు రకంతో కలిపి తీసిన మొక్కలో, రిసెసివ్ జన్యువు ఉన్నా తెగులు పెట్టి చూస్తే బయటపడదు, ప్రతి తరానికీ సెల్ఫింగ్ (మొక్కను దాని పుప్పొడితోనే కలపడం) చేసుకోవాలి. పైగా 21 ఒక్కటున్నా మొక్క బాగానే తట్టుకుంటుంది, కాబట్టి మూడూ ఉన్నదాన్ని కంటితో వేరు చేయలేం. మార్కర్ల లాభాలు రాయమన్నప్పుడు ఈ రెండు వాక్యాలు రాస్తే చాలు. గింజ సన్నదనం పోకుండా మళ్లీ మళ్లీ బీపీటీతోనే కలిపారన్నదీ చేర్చండి. గింజ మారితే ఆ బియ్యం కొనేదెవరు?

రెండో కథ రాగి. మెస్‌లో ముద్ద పెడితే మా గోదావరి బ్యాచ్ మొహాలు ముడుచుకునేది, రాయలసీమ వాళ్లకు మాత్రం పండగే. అదే క్యాంపస్‌లో ఆ పంట బ్రీడింగ్ కళ్లారా చూడొచ్చు. భారత రకాలను ఆఫ్రికా రకాలతో కలిపి లక్ష్మణయ్య గారు తెచ్చిన ఇండాఫ్ రకాల చరిత్ర ఇక్కడ ఎవరినడిగినా చెబుతారు. రాగి పువ్వు మరీ చిన్నది, మగ భాగాలు తీసేయడం చాలా కష్టం. అందుకే రెండు కంకులను దగ్గరగా కట్టేసి, పుట్టినవాటిలో ఊదా రంగు మొక్కలను హైబ్రిడ్లుగా ఏరతారు. మగ మొక్కకు ఆ రంగు ఉండేలా ముందే చూసుకోవాలి. అగ్గి తెగులు స్క్రీనింగ్‌లో తెగులుకు లొంగే రకాన్ని వరసల మధ్య ఎందుకు వేస్తారో ఒకసారి మడిలో నిలబడి చూస్తే ఇక మర్చిపోరు. ఆకు, కంకి మెడ, కంకిలో వేలిలా ఉండే రెమ్మలు మూడుచోట్లా విడివిడిగా స్కోర్ చేయాలి.

బెంగళూరు దగ్గరే హెసరఘట్టలో ఉద్యాన పంటల పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ ఉంది. హెబ్బాళ్ ట్రాఫిక్‌లో పడితే దారిలోనే ఒక చాప్టర్ రివిజన్ అయిపోతుంది, అయినా వెళ్లండి. ఆకుముడత, బ్యాక్టీరియా వడలు తెగులు, ఎర్లీ బ్లైట్ మూడింటినీ తట్టుకునే అర్క రక్షక్ టమాటా అక్కడిదే. అడవి జాతి నుంచి పల్లాకు తెగులు నిరోధకత తెచ్చుకున్న అర్క అనామిక బెండ కూడా అక్కడిదే. తర్వాత చాలాచోట్ల దానికీ ఆ తెగులు వచ్చింది. నిరోధకత ఎందుకు నిలవదు అనే ప్రశ్నకు ఇది రాయండి.

60 మార్కుల ఇంటర్వ్యూలో నన్ను థీసిస్ గురించి అడిగింది తక్కువ. ‘నిరోధక లైన్ దొరికింది సరే, రైతు దాకా ఎలా వెళ్తుంది?’ అన్నదాని మీదే ఎక్కువసేపు కూర్చోబెట్టారు. స్టేషన్ ట్రయల్, దేశమంతా కలిపి చేసే కోఆర్డినేటెడ్ ట్రయల్స్‌లో ఐవీటీ (తొలి దశ రకాల పరీక్ష), ఏవీటీ 1, ఏవీటీ 2 (తర్వాతి దశలు), ఆ తర్వాత విత్తన చట్టం 1966 కింద నోటిఫికేషన్. ఈ వరస ఏ స్టెప్‌లో ఏం చూస్తారో సహా చెప్పగలగాలి.